అత్తయ్య ఫోనుకి ఒక పీట

పోయిన దసరా సెలవుల్లో ఒక సాయంత్రం, విజయపురి సౌత్‌లో ఉండే మా అత్తయ్యకి మా ఆయన ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఏడింటికి చేశారు, ఎనిమిదింటికి చేశారు, పది దాటాక కూడా చేశారు. అదే మాట. ఆ రాత్రి ఆయన పడుకోలేదు, నన్ను పడుకోనివ్వలేదు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఒంటరిగా ఉంటారు, గుండెకి పేస్‌మేకర్ పెట్టించి ఏడాదిన్నర అయింది. ఏమని సర్దిచెప్పుకుంటాం? పక్కింటివాళ్ళకి చేస్తే వాళ్ళు పిల్లాడి సెలవులని ఊరెళ్ళారు. తెల్లారాక ఆ వీధిలో పాలు పోసే ఆవిడ నంబరు దొరికింది. ఆవిడ వెళ్ళి చూసి, "మీయమ్మ వాకిలి ఊడుస్తా ఉంది, ఏం కాలా" అని చెప్పేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

ఆవిడ ఫోన్లోంచే అత్తయ్య మాట్లాడారు. "ఛార్జింగ్ పెట్టటం మర్చిపోయానురా" అన్నారు. ఇలా మర్చిపోవటం అది మూడోసారి. నేను ఫోన్ లాక్కుని, "అత్తయ్యా, రోజుకి ఒక్కసారి వైరు గుచ్చటం కూడా గుర్తుండకపోతే ఎట్లా? ఇక్కడ మీ అబ్బాయి ప్రాణం పోయినంత పనైంది" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. అటునుంచి, "సరేలేమ్మా, ఇక మర్చిపోనులే" అని మాత్రం వినిపించింది.

మేముండేది నరసరావుపేటలో. రమ్మంటే అత్తయ్య రారు. విజయపురి సౌత్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను: నాగార్జునసాగర్ డ్యామ్‌కి కుడి ఒడ్డున, మన ఆంధ్రా వైపు ఉన్న ఊరు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు డ్యామ్‌కి శంకుస్థాపన చేశాక, కట్టేవాళ్ళకోసం రెండు ఒడ్డుల మీదా కాలనీలు లేచాయి. అసలు విజయపురి ఇక్ష్వాకుల రాజధాని, అది నీళ్ళ కింద ఉంది. పేరు మాత్రం ఒడ్డెక్కి ఈ కాలనీలకి వచ్చింది. నాగార్జునకొండకి లాంచీలు ఇక్కడినుంచి వెళ్తాయి. గేట్లు ఎత్తిన రోజుల్లో కార్లతో బస్సులతో ఊరు కిటకిటలాడుతుంది, మిగతా రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి వీధిలో కుక్క కూడా తిరగదు. మామయ్యగారు కుడి కాలువ పవర్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక కూడా అత్తయ్య ఆ రెండు గదుల ఇల్లు, ఆ వేపచెట్టు, ఆ కాలవగట్టు వదలనంటారు.

ఆ ఆదివారం నేనొక్కదాన్నే బయల్దేరాను. 2025 ఆగస్టు 15 నుంచి మనకి బస్సు ఉచితం కాబట్టి వెళ్ళాలనుకున్నప్పుడు వెళ్ళటమే, ఎవర్నీ అడిగే పన్లేదు. మాచర్లలో బస్సు మారి అత్తయ్య ఇంటికి చేరేసరికి పదకొండయింది. గుమ్మం ముందు ముగ్గు చూసి కూడా నాకేం తట్టలేదు. అత్తయ్య ముగ్గంటే దారం పోసినట్టు ఉండేది. ఇప్పుడు గీత వేలి మందాన పడుతోంది, అక్కడక్కడా తెగిపోతోంది.

భోజనాలయ్యాక ఫోన్ చూద్దామని తీసుకున్నాను. నాలుగైదేళ్ళ కిందటి చవక ఫోను. ఛార్జింగ్ పెట్టే కంత చుట్టూ గీతలే గీతలు, చీకట్లో తాళం తీసేవాళ్ళు తలుపంతా గీకినట్టు. పిన్ను ఒక పక్కకి వంగిపోయింది. దాని మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉంది, పైవైపు ఏదో తెలియటానికి.

"ఈ చుక్క ఎవరు పెట్టారు అత్తయ్యా?"

"పక్కింటి పిల్లోడు. నాకు తిరగామరగా తెలవదని పెట్టాడు. అయినా నాకు దూరదమ్మాయ్. అద్దాలు పెట్టుకుంటే కంత కనపడుద్ది, పట్టుకోటానికి వేళ్ళు రావు. సాయంత్రం బడినించి రాంగానే వాడే వచ్చి పెట్టిపోతాడు."

వాడు సెలవులకి వెళ్ళాడు. ఫోన్ ఆగిపోయింది. మూడుసార్లూ అంతే జరిగింది.

వేళ్ళు చూశాను. కణుపులు వాచి, చూపుడు వేలు పక్కకి ఒరిగిపోయి ఉంది. ఎప్పటినుంచి అంటే సంక్రాంతికి ముందునుంచట. మరి మర్చిపోయానని ఎందుకు చెప్పారు, చెయ్యి రావట్లేదని చెప్పొచ్చుగా అన్నాను. అత్తయ్య విస్తరాకులు సర్దుతూ నా వంక చూడకుండా అన్నారు: "మరుపంటే అందరికీ ఉండేదేలే. చెయ్యి రాదంటే రేపు పొయ్యి వెలిగించటం రాదంటారు, ఎల్లుండి నువ్వొక్కదానివే ఉండబాకు, పదమంటారు."

నాకు నోట మాట రాలేదు. ఆ ఫోన్లో నేను అరిచింది గుర్తొచ్చింది. క్షమించమని అడగటం మా ఇళ్ళల్లో అలవాటు లేని పని. నేను కూడా అడగలేదు. లేచి అంట్లు తోమాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశారు: వైర్‌లెస్ ఛార్జర్ కొనేద్దాం, పలక లాంటి దాని మీద ఫోన్ పెడితే చాలు, అదే ఎక్కుతుంది. మగవాళ్ళకి వస్తువు పేరు తెలిస్తే సమస్య తీరిపోయినట్టే. ఆ తర్వాతి రెండు నెలలు ఆ "పెడితే చాలు" వెంట తిరిగింది మాత్రం నేను.

మొదట తెలుసుకున్నది, దీనికి ఏ ఫోనూ పనికిరాదని. మనింట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటుంది కదా, అచ్చం అదే. స్టవ్ అద్దం కింద రాగి తీగచుట్ట ఉంటుంది, దానికి కరెంటిస్తే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టి పైన పెట్టిన గిన్నె అడుగు వేడెక్కుతుంది. అల్యూమినియం గిన్నె పెడితే పలకదు. ఛార్జింగ్ పలక కూడా అంతే: పలకలో ఒక తీగచుట్ట, ఫోన్ వీపులో ఇంకో తీగచుట్ట. కింది చుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే పై చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. మామయ్యగారి పవర్‌హౌస్‌లో జనరేటరు తిరిగేదీ, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. ఫోన్ వీపులో ఆ చుట్ట లేకపోతే ఎంత ఖరీదైన పలకైనా పూజపీటకి తప్ప దేనికీ పనికిరాదు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. అత్తయ్య ఫోనుకీ లేదు.

నరసరావుపేటలో మొబైల్ షాపు కుర్రాడు ఒక స్టిక్కర్ చూపించాడు. పల్చటి తీగచుట్ట ఉన్న అట్ట, ఫోన్ వెనక అతికించి దాని తోకని ఛార్జింగ్ కంతలో దూర్చి వదిలేయాలి. మూడొందలే కదా అని తీసుకున్నా. వారం తిరక్కుండానే, అత్తయ్య పౌచ్‌లోంచి ఫోన్ లాగేటప్పుడు ఆ తోక చిరిగిపోయింది. పరీక్షగా పెట్టి చూడటానికైతే మంచిదే, రోజూ చీర కుచ్చిళ్ళలో దోపుకునే ఫోన్లకి మాత్రం వద్దు.

చివరికి మా ఆయన తన సామ్‌సంగ్ ఎస్20 ఎఫ్‌ఈ తీసిచ్చారు. అందులో ఆ చుట్ట ఉంది. అమ్మకిచ్చేశాను కాబట్టి అని ఆయనకి కొత్త ఫోనొచ్చింది. ఈ కథలో ఇప్పటిదాకా లాభపడింది ఆయనొక్కరే.

ఇక పలక. ఆన్‌లైన్లో చూస్తే గుండ్రటివి, పలకలవి, నిలబెట్టేవి, వాచీకి ఇయర్‌ఫోన్లకి కలిపి మూడంతస్తులవి, అయస్కాంతంతో అతుక్కునేవి, కళ్ళు తిరిగాయి. డబ్బా మీద చూడాల్సిన గుర్తు ఒకటుంది, క్యూఐ అని. చీనా మాట, పలకటం "చీ" అంటారు, ప్రాణశక్తి అని అర్థం. మన షాపుల్లో మాత్రం క్యూఐ అంటేనే అర్థమవుతుంది. 2008లో కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ తెచ్చిన పద్ధతి ఇది, కాబట్టి ఆ గుర్తున్న పలక మీద ఆ గుర్తున్న ఏ కంపెనీ ఫోనైనా ఎక్కుతుంది. 2023లో వచ్చిన క్యూఐ2లో అయస్కాంతాలు కూడా చేర్చారు. ఫోను దగ్గరికి తేగానే టప్‌మని సరిగ్గా మధ్యకి లాక్కుంటుంది. వణికే చేతులకి ఇంతకంటే ఏం కావాలి? ఈ ఫోన్లో అయస్కాంతం లేకపోయినా, వెనకాల అయస్కాంతం ఉన్న కవరు వేస్తే సరిపోతుందన్నారు. రెండూ కార్టులో వేశాను. డబ్బు కట్టబోతూ ఆగాను.

ఆపింది ఇండక్షన్ స్టవ్వే. గుంటూరులో పేస్‌మేకర్ పెట్టినప్పుడు ఇంటికి పంపేముందు జాగ్రత్తలు చెప్పారు, అందులో ఇండక్షన్ స్టవ్ మీదికి వంగొద్దు, రెండడుగుల దూరం ఉండాలి అని ఒకటుంది. అందుకే అత్తయ్యకి స్టవ్ కొనకుండా గ్యాసే ఉంచాం. స్టవ్వూ పలకా ఒకటే సూత్రమని ఇన్నాళ్ళుగా నేనే అందరికీ చెబుతున్నాను, మరి ఈ ముక్క నాకే తట్టలేదు. పైగా అయస్కాంతం! అది దగ్గరికొస్తే పేస్‌మేకర్ మామూలు పద్ధతి వదిలేసి ఒకే వేగంతో కొట్టటం మొదలుపెడుతుంది, డాక్టర్లు పరీక్ష చేయటానికి కావాలనే అయస్కాంతం పెట్టి చూస్తారు. 2020లో ఐఫోన్ 12కి అయస్కాంతాలు పెట్టాక ఆపిల్ వాళ్ళే రాశారు: పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్ళు ఫోనునీ ఛార్జరునీ 15 సెంటీమీటర్లకంటే ఎక్కువ దూరంలో ఉంచాలి, వైర్ లేకుండా ఛార్జ్ అవుతుంటే 30 సెంటీమీటర్లకంటే ఎక్కువ.

ఇప్పుడు నిజం చెప్పండి, మన అత్తయ్యలూ అమ్మలూ ఫోన్ ఎక్కడ పెట్టుకుంటారు? జాకెట్లో. అదీ ఎడమవైపు. అంటే సరిగ్గా ఆ మిషను మీద. అయస్కాంతం కవరు వేసి ఇచ్చుంటే, నేనే నా చేతులతో అక్కడ పెట్టినట్టయ్యేది. ఆ రాత్రి కార్టులోంచి రెండూ తీసేశాను గానీ చాలాసేపు గుండె దడ తగ్గలేదు.

తర్వాతి చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరుగారినే అడిగాం. అయస్కాంతం లేని మామూలు పలక వాడుకోండి, మంచానికి దూరంగా పెట్టండి, ఫోను జాకెట్లో వద్దు, కుడి చెవికి పెట్టుకుని మాట్లాడండి అన్నారు. అత్తయ్య బయటికొచ్చి, "మరి జాకెట్లో కాకపోతే యాడ పెట్టాలంట, నెత్తిన పెట్టుకోనా?" అని ఆయన్ని విసుక్కున్నారు. మెడలో వేసుకునే చిన్న సంచీ కుట్టాను, తాడు పొడుగ్గా పెట్టి నడుం దాకా వేలాడేట్టు. మీ ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళుంటే, ఈ మాట కోసమైనా మీ డాక్టర్ని ఒకసారి అడగండి.

అయస్కాంతం లేని గుండ్రటి పలక వచ్చింది. వెళ్ళి అమర్చి, చూపించి, వచ్చేశాను. మర్నాడు పొద్దున ఫోన్ చేస్తే పదకొండు శాతం ఉందన్నారు. రాత్రంతా దాని మీదే ఉంది మరి! రెండు మూడు రోజులు అట్లాగే అయ్యాక తెలిసింది: చుట్ట మీద చుట్ట సరిగ్గా రావాలి, వేలెడు పక్కకి జరిగితే ఎక్కదు. అత్తయ్య పెట్టింది బానే పెట్టారు. రాత్రి మా ఆడపడుచు ఫోన్ చేస్తే అది గుర్రుమని వణికి పక్కకి జరిగిపోయింది. పలక మీద చిన్న లైటు మెరుస్తూనే ఉంది, ఆ లైటు అర్థం ఆవిడకేం తెలుస్తుంది?

అప్పుడు నిలబెట్టే రకం తెప్పించాను. వాలుకుర్చీలా వీపు, కింద చిన్న అంచు ఉంటుంది. ఫోన్ ఆ అంచు మీద కూర్చుంటే ఎత్తు దానంతటదే సరిపోతుంది, వణికినా ఎక్కడికీ పోదు. లోపల రెండు చుట్టలున్నది చూసి కొన్నాను, నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా ఎక్కుతుంది. ముందే ఇది కొనాల్సింది. ఫోటోల్లో గుండ్రటిది అందంగా ఉందని దానికి పడిపోయాను, మన చీరల సంగతే.

డబ్బాలో అడాప్టర్ ఉండదు, అది విడిగా చూసుకోవాలి. పాత ఫోన్ల డబ్బాల్లో వచ్చిన చిన్న అడాప్టర్ పెడితే పలక లైటు మిణుకుమిణుకుమంటుంది గానీ పని నత్తనడకే. మా ఆయన ఇరవై వాట్లది ఇచ్చారు. పదిహేను వాట్లు, ఇంకా ఎక్కువ అని డబ్బా మీద గొప్పగా రాసుకుంటారు, రాత్రంతా కూర్చునే ఫోనుకి అంత హడావిడి ఎందుకు? వైరు కంటే ఇందులో కరెంటు ఎక్కువ వృథా అవుతుంది, ఆ వృథా అంతా వేడే. ఎండాకాలం మనవైపు ఎట్లా ఉంటుందో చెప్పాలా, మాచర్ల దాటితే రెంటచింతల, పేపర్లో ఎండల వార్త వస్తే ముందు దాని పేరే. ఫోన్ సెట్టింగుల్లో వైర్‌లెస్ ఫాస్ట్ ఛార్జింగ్ ఆపేశాను. కిటికీ పక్కన కాకుండా లోపలి గదిలో, సిమెంటు అలమర మీద, మంచానికి ఆరడుగుల దూరంలో పెట్టాను.

కవరు దగ్గర చిన్న యుద్ధమైంది. అత్తయ్యది పుస్తకంలా మడిచే కవరు. అందులో బస్సుకి చూపించే ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, నాలుగు మడతల వంద నోటు, రెండు రూపాయి బిళ్ళలు, ఆంజనేయస్వామి రేకు. లోహం ఏదైనా మధ్యలో ఉంటే వేడెక్కుతుంది, లేదా పలక అది పసిగట్టి పనే మానేస్తుంది. కార్డులకీ మంచిది కాదు. అన్నీ తీసి మెడసంచీ వెనక అరలో పెట్టి, పల్చటి రబ్బరు కవరు వేశాను. "స్వామిని కూడా తీసేశావా?" అన్నారు. స్వామిని అలమర గోడకి అంటించాను, స్టాండుకి కాస్త పైన.

లైటు చూడొద్దు, చెవితో వినమన్నాను. ఛార్జింగ్ ఎక్కితే ఆ ఫోన్ టింగ్‌మంటుంది. టింగ్ మనకపోతే తీసి మళ్ళీ పెట్టాలి, అంతే. మొదటిరోజు పదిసార్లు తీసి పదిసార్లు పెట్టారు, ప్రతి టింగ్‌కీ నా వైపు తిరిగి చూశారు. "పీట మీద కూసోపెడితే పలుకుతోందే!" అన్నారు. అప్పట్నించి దాని పేరు పీట. ఆయన రాసుకున్న సంసారం లెక్కలో ఫోను, స్టాండు, అడాప్టరు, చిరిగిన స్టిక్కరు, మూలన పడ్డ గుండ్రటి పలక అన్నీ కలిపి బాగానే అయింది, అత్తయ్యకి మాత్రం ఐదొందలని చెప్పాం. "ఐదొందలా! రెండొందలకి ఇస్తారు, మీకు బేరమాడటం రాదు" అన్నారు.

ఫోను ఇప్పుడు ఆగట్లేదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. నెల కిందట ఫోన్ చేసి ఆవిడా నేనూ గోంగూర నిల్వ పచ్చడి గురించి మాట్లాడుకుంటుంటే, మధ్యలో ఉన్నట్టుండి అన్నారు:

"ఆ పిల్లోడు రావట్లేదమ్మాయ్."

"ఏ పిల్లాడు?"

"పక్కింటోడు. ఛార్జింగ్ పెట్టటానికి వచ్చేవాడు కదా. పెట్టి, ఇక్కడే కూసోని లెక్కలు చేసుకునేవాడు. నాలుగు మరమరాలు పెడితే తినేవాడు. ఇప్పుడు పనేముంది వాడికి?"

ఏం చెప్పాలో తెలియలేదు. అన్ని పలకలు చూశాను, వాట్లు చూశాను, సెంటీమీటర్లు కొలిచాను. రోజూ సాయంత్రం ఆ వంకన ఒక మనిషి గడప దాటి లోపలికొస్తున్నాడని లెక్కలో వేసుకోలేదు.

మొన్న వెళ్ళినప్పుడు చూస్తే, అలమర మీద ఫోన్ నిలబడి ఉంది, తొంభై ఆరు. వంటింట్లో అత్తయ్య పప్పుచెక్కలు వత్తుతున్నారు. వేళ్ళతో కాదు, గిన్నె అడుగుతో. ఇన్నెందుకు అత్తయ్యా, మేమెవరమూ తినం కదా అన్నాను. "నీకు కాదులే" అని, మూకుడులోంచి తీసినవి డబ్బాలో వేసి, నా చేతికిచ్చారు. "పక్కింట్లో ఇచ్చిరా. రేపట్నించి ఇక్కడికే వచ్చి తినమన్నానని చెప్పు."